సంటిపిల్ల గుంత

లింగంపల్లి దాటి ఐటీ టవర్ల వైపు పోయే కొత్త రోడ్డు మీద, ఎడమచేతికి ఒక రాళ్లగుట్ట కనిపిస్తుంది. చుట్టుపక్కల గుట్టలన్నీ కంకరై టవర్ల గోడల్లో కలిసిపోయాయి. ఇదొక్కటే ఎట్లా మిగిలిందో మిగిలింది. దాని వెనక పాత క్వారీ గుంత ఒకటి ఉంది. మ్యాపులో దానికి పేరు లేదు. అటు పనిచేసే వాచ్‌మన్లు, ట్యాంకర్ డ్రైవర్లు మాత్రం దాన్ని సంటిపిల్ల గుంత అంటారు.

నిండు ఎండాకాలంలో కూడా ఏ ట్యాంకరూ అందులో పైపు వెయ్యదు. ఒక డ్రైవర్ వేశాడట... ట్యాంకు సగం నిండేసరికి పైపు బిగుసుకుపోయింది. చెవి ఆనించి వింటే లోపల పసిపిల్ల ఏడుపు. పైపు అక్కడే వదిలేసి, బండి తీసుకుని వెళ్లిపోయాడు. మళ్లీ ఆ దారి తొక్కలేదు.

ఇంకొకటి కూడా చెప్తారు. పొద్దుగూకినాక గుంత ఆవలి గట్టు మీద ఒక ఆడమనిషి కూర్చుని ఉంటుంది — కొంగు తలమీదికి కప్పుకుని, నీళ్లవైపే చూస్తూ. అప్పుడప్పుడు ఒక పేరు పిలుస్తుంది. ఆమె బిడ్డ ఆ నీళ్లలోనే పోయిందట. ఇంకొకరి బిడ్డను పట్టుకుపోయేదాకా ఆమె పగ చల్లారదట.

ఇవేవీ పట్టించుకోని మనిషి శ్రీను. మూడేళ్ల కిందట గుట్ట మీది చదును బండను కిరాయికి తీసుకుని, శని ఆదివారాలు టెంట్లు వేయడం మొదలుపెట్టాడు. గుంత పక్కన "బ్లూ లేక్" అని నీలం బోర్డు పాతాడు. టవర్లలో పనిచేసేవాళ్లు పిల్లల్ని వేసుకుని వచ్చేవాళ్లు. మంట చుట్టూ పాటలు, కాల్చిన చికెన్, పొయ్యి మీద అప్పటికప్పుడు చేసిన జొన్నరొట్టెలు. పొద్దున్నే గుంత ముందు నిలబడి ఫోటోలు.

పోయిన మార్చిలో ఒక శనివారం అక్కడికి నరేందర్ కుటుంబం వచ్చింది. ఆ రాత్రి జరిగింది అక్కడి వాచ్‌మన్ ఎల్లేశం చెప్పగా కొంత, నరేందరే తర్వాత చెప్పుకోగా కొంత బయటపడింది.

నరేందర్‌ది సిద్దిపేట దిక్కు. ముప్పై తొమ్మిదేళ్లు. పెద్ద పెద్ద టవర్లు కట్టే కంపెనీలో ప్రాజెక్టు మేనేజరు. భార్య జయంతిది కాకినాడ, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పెళ్లయిన ఆరేళ్లకు పుట్టిన కొడుకు చిన్ను — రెండేళ్ల నాలుగు నెలలు. ఈ క్యాంపు మాట తెచ్చింది, టెంట్లు బుక్ చేసింది జయంతి తమ్ముడు మధు. నరేందర్ కారు నడిపాడంతే. ఎక్కడికి అని కూడా అడగలేదు.

టెంటు ముందు బ్యాగులు దించి, చిన్నును భుజాల మీద ఎక్కించుకుని గుంత చూపిద్దామని దిగాడు. నీళ్ల ఒడ్డున బొంతజెముడు పొదల మధ్య ఒక సిమెంటు దిమ్మె కనబడింది. మోటారు బిగించే దిమ్మె. నాలుగు బోల్టులు తుప్పుపట్టి పైకి లేచి ఉన్నాయి.

నరేందర్ కాళ్లు అక్కడే ఆగిపోయాయి.

ఆ దిమ్మె పోయించింది తనే. పదకొండేళ్ల కిందట.

అప్పుడు రోడ్డు ఇటు నుంచి లేదు. అటువైపు మట్టిబాట ఉండేది. గుంత ఇంతకు రెండింతలు ఉండేది — సగం మట్టిపోసి పూడ్చేశారు. రేకుల షెడ్లలో కూలీలు ఉండేవాళ్లు. అందుకే కారు దిగినప్పుడు గుర్తుపట్టలేకపోయాడు. ఇప్పుడు మాత్రం గుర్తుపట్టకుండా ఉండటం కుదరలేదు.

తలనొప్పిగా ఉందని, ఇంటికి పోదామని జయంతితో అన్నాడు. ఆమె మాత్ర ఇచ్చింది. మధు అప్పటికే బొగ్గులు రాజేశాడు. వెనక్కి పోవాలంటే ఎందుకో చెప్పాలి. ఎందుకో చెప్పాలంటే... పెళ్లాం ముందు ఆ మాట నోట్లోంచి వచ్చేది కాదు. ఊరుకున్నాడు. రాత్రి భోజనంలో రొట్టెలామె రెండోసారి వచ్చి, ఇంకోటి వెయ్యనా సారూ అని అడిగితే తలెత్తకుండానే పళ్లెం చాపాడు.

ఎనిమిదిన్నరకు జయంతి చేతులు కడుక్కోవడానికి పోతూ, బాబును చూస్తూ ఉండండి అని చెప్పింది. చిన్ను టెంటులో చాప మీద కూర్చుని ఫోనులో బొమ్మల పాటలు చూస్తున్నాడు. అదే సమయానికి నరేందర్ రెండో ఫోను మోగింది. సైటు నుంచి జూనియర్ ఇంజనీరు కుమార్. మర్నాడు పొద్దున పద్నాలుగో అంతస్తు స్లాబు. సిగ్నల్ సరిగ్గా లేదని నరేందర్ నాలుగు అడుగులు బయటికి వేశాడు. ఇంకో నాలుగు వేశాడు.

తిరిగి వచ్చేసరికి చాప మీద ఫోను ఉంది. పాట నడుస్తూనే ఉంది.

చిన్ను లేడు.

*

మొదటి పది నిమిషాలు అందరూ పక్క టెంట్లలోనే ఉంటాడనుకున్నారు. తర్వాత పావుగంట కార్ల కింద, బాత్రూముల్లో, బండల సందుల్లో వెతికారు. ఆ తర్వాత ఎవరికి తోచింది వాళ్లు అనడం మొదలైంది.

మధు పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ల పనే అన్నాడు. గేటు దగ్గర తెల్ల వ్యాను ఆగి ఉండటం కళ్లారా చూశానని ఒట్టు వేశాడు. ఎర్ర టెంటులో ఉన్న దంపతులు చిరుత అన్నారు — పోయినేడు ఈ గుట్టల్లో తిరిగిందని వార్తల్లో చూశారట. ఎవరో మెల్లగా వాచ్‌మన్ మీద అనుమానం లేపారు. తొమ్మిదిన్నరకల్లా చిన్ను ఫోటో అపార్టుమెంటు గ్రూపుల్లోకి ఎక్కింది. అక్కడ ముఖం తెలియని జనం ఇంకా దూరం పోయారు. అమావాస్య దగ్గరికొచ్చింది, బలి అన్నారు. బిడ్డ దగ్గర ఆఖరున ఉన్నది తండ్రే, ముందు అతణ్ని అడగండి అన్నారు. జయంతి ఆ మాటలు చదివి, ఫోను బోర్లా పెట్టింది.

నరేందర్‌కు ఒక్కటే తోచింది.

నీళ్లు.

ఎల్లేశం ఆ క్యాంపులో చేరి మూడు నెలలే అయింది. బోరబండ మనిషి, యాభై దాటాయి. తన దగ్గరున్న రెండో వాకీటాకీ నరేందర్ చేతిలో పెట్టి, చుట్టూ చూసి గొంతు తగ్గించాడు.

"సార్... రోడ్డు దిక్కు వాళ్లను ఎతకనియ్యండి. మనం గుంత దిక్కు చూద్దాం. ఆమె సంగతి మీకు ఎవరు చెప్పలేదా?"

వద్దన్నా చెప్పాడు. పదేండ్ల కిందట ఇక్కడ టవర్ కట్టేటప్పుడు కూలీల బిడ్డ పోయిందని, ఎవరూ వెతకలేదని, తల్లీతండ్రిని రాత్రికి రాత్రే లారీ ఎక్కించి ఊరికి పంపారని, ఆ తల్లే సచ్చి ఇక్కడ తిరుగుతుందని. పెద్దోళ్ల పిల్లలు ఈ బండ ఎక్కితే ఆమెకు వాసన తెలుస్తుందని.

గుంత దిక్కు తనొక్కడే పోతానన్నాడు నరేందర్. ఎల్లేశాన్ని రోడ్డువైపు పంపేశాడు.

ఎందుకు పంపావని తర్వాత అడిగితే, అక్కడ తనకు ఏం కనబడ్డా ఇంకొకరు చూడటం ఇష్టంలేక అన్నాడు.

*

ఒడ్డున ఎండిన గడ్డి. దిమ్మె దగ్గర నిలబడి టార్చి నీళ్ల మీదికి వేశాడు. నల్లటి నీళ్లు, కదలిక లేదు. వెలుతురును మెల్లగా ముందుకు జరిపాడు... నీళ్ల మధ్యకు... ఆవలి గట్టుకు...

గట్టు మీద ఒక ఆడమనిషి కూర్చుని ఉంది.

కొంగు తలమీదికి కప్పుకుని ఉంది. ముఖం కనబడటం లేదు. ఒళ్లో ఏదో మూట. చిన్న మూట.

లేవలేదు. వెలుతురు మీద పడ్డా తల తిప్పలేదు.

నరేందర్ టార్చి ఆర్పేశాడు. ఆర్పింది తనేనని కూడా అతనికి తెలియలేదు. చేతిలో వాకీటాకీ గరగరలాడింది.

"సార్... ఆవలి గట్టు చూసిన్రా? ఎవరన్న ఉన్నరా?"

"లేరు," అన్నాడు నరేందర్. "ఎవ్వరు లేరు."

పదకొండేళ్ల కిందట ఇదే చోట, ఇదే గొంతుతో అన్న మాట అది.

అప్పుడు అతనికి ఇరవై ఎనిమిది. సైటు ఇంజనీరుగా మొదటి పెద్ద పని. సాయంత్రం ఆరింటికి ఒక కూలీ దంపతులు వచ్చి, బిడ్డ కనబడటం లేదని, నీళ్ల దగ్గర ఆడుకుంటుంటే చూశామని కాళ్ల మీద పడ్డారు. మోటార్లు పెట్టి నీళ్లు తోడించమన్నారు. మోటార్లు ఉన్నాయి. రెండు. దిమ్మె మీదనే బిగించి ఉన్నాయి. కానీ తెల్లారితే స్లాబు. స్లాబుకు ఉన్న నీళ్లన్నీ ఆ గుంతలోవే. పైగా సైటులో చిన్నపిల్లలు ఉండొద్దని రూలు, మర్నాడు పై ఆఫీసు నుంచి తనిఖీ. ఎవరో చెప్తే కానిస్టేబుల్ ఒకడు బండి మీద వచ్చాడు. నరేందర్ అతనికి చాయ్ తాగించి చెప్పాడు — ఈ సైటులో పిల్లలెవ్వరూ లేరు, పిల్ల ఊళ్లోనే ఉంది, పని ఎగ్గొట్టడానికి నాటకమాడుతున్నారు అని.

ఎవ్వరూ లేరు.

రాత్రి పదింటికి లారీ వచ్చింది. ఆమెను ఇద్దరు పట్టుకుని ఎక్కించారు. స్లాబు టైముకే పడింది.

*

నరేందర్ గట్టు ఎక్కి వచ్చి కుమార్‌కు ఫోను చేశాడు. సైటులో ఉన్న నాలుగు డీజిల్ మోటార్లూ, పైపులూ గంటలో ఇక్కడ ఉండాలన్నాడు. కుమార్ నసిగాడు. పొద్దున స్లాబు ఉంది, కాంక్రీటు లారీలకు చెప్పేశాం, మోటార్లు లేకుంటే ఎట్లా అన్నాడు.

"స్లాబు ఆపెయ్యి," అన్నాడు నరేందర్.

రెండు మాటలు. ఇంత సులువుగా వచ్చే మాటలని అతనికి అప్పుడే తెలిసింది.

పదకొండున్నరకు మోటార్లు మొదలయ్యాయి. గుట్ట మొత్తం అదిరే చప్పుడు. పోలీసులు వచ్చారు — ఒక హెడ్ కానిస్టేబుల్, ఇద్దరు కుర్రవాళ్లు. హెడ్ కానిస్టేబుల్ నెమ్మదైన మనిషి. నరేందర్‌ను అడిగిందే మూడుసార్లు అడిగాడు. నాలుగు నిమిషాలే బయటికి పోయిన్రా? కచ్చితంగా నాలుగేనా? మీకూ మేడమ్‌కూ ఏమన్న గొడవలున్నయా? నరేందర్‌కు అర్థమైంది — గ్రూపుల్లోని మాట ఇక్కడికీ చేరింది.

మోటారు దగ్గర వేసిన లైటు గాలికి ఊగింది. ఊగినప్పుడు ఆవలి గట్టు ఒక్క క్షణం తెల్లగా మెరిసింది. ఆమె అక్కడే ఉంది. మోటార్ల చప్పుడు కింద సన్నగా ఏదో వినబడుతోంది... బిడ్డను పండబెట్టే రాగం.

హెడ్ కానిస్టేబుల్ వీపు అటువైపు ఉంది.

"ఆవలి గట్టు ఎవరు చూసిన్రు?"

"నేనే చూసిన," అన్నాడు నరేందర్. "ఎవ్వరు లేరు."

అటువైపు పోవాలంటే ముళ్లపొదలు దాటి, బండలెక్కి చుట్టూ తిరగాలి. చూశానని బిడ్డ తండ్రే చెప్తుంటే ఇంకెవరు పోతారు? ఎవరూ పోలేదు.

మూడున్నర అయింది. నీళ్లు సగానికి దిగాయి. రాళ్లకు పట్టిన పాచి బయటపడి కుళ్లిన వాసన కొడుతోంది. మధు అలిసిపోయి కారులో కూలబడ్డాడు. నరేందర్ దిమ్మె పక్కన ఒక్కడే కూర్చున్నాడు. చూడొద్దు అనుకుంటూనే టార్చి ఎత్తాడు.

ఆమె కొంచెం ముందుకు జరిగి కూర్చుంది. తగ్గుతున్న నీళ్లను వంగి చూస్తోంది — ఏదో బయటపడాలని కాచుకున్నట్టు. మూట ఇంకా ఒళ్లోనే ఉంది. మూటలోంచి చిన్న తల.

నరేందర్ రెండు చేతులూ జోడించాడు.

"ఉన్నది," అన్నాడు, నీళ్లకు అవతల ఉన్నదానికి వినబడేట్టు. "పిల్ల ఉన్నది. నాకు తెలుసు. నేను లేదన్న. నన్ను తీస్కపో... వాణ్ని ఇడిచిపెట్టు."

"ఏ పిల్లండీ?"

వెనక జయంతి నిలబడి ఉంది.

నరేందర్ చెప్పాడు. అంతా చెప్పాడు. ఆమె ఒక్కసారి కూడా అడ్డు తగల్లేదు. చివర్న ఒకటే అడిగింది.

"అప్పుడు మోటార్లు ఉన్నాయా?"

"ఉన్నయి."

"పని చేస్తున్నాయా?"

"చేస్తున్నయి."

ఇందాక ఎవరితో మాట్లాడుతున్నారని జయంతి అడిగింది. అతను చెయ్యి చూపించి, చూడొద్దన్నాడు. ఆమె టార్చి అందుకుని నేరుగా చూసింది.

"ఎప్పటి నుంచి చూస్తున్నారు మీరు ఆమెని?"

"తొమ్మిదిన్నర నుంచి."

"ఒళ్లో ఏదో ఉంది. కనబడలేదా?"

"కనబడ్డది."

"కనబడితే వెళ్లలేదా?" ఆమె అతని చెవి దగ్గరికి వంగింది. "దెయ్యమే అనుకోండి. ఒళ్లో ఉన్నది మన బిడ్డయితే?"

జయంతి చీర కుచ్చిళ్లు దోపుకుని, చెప్పులు వదిలేసి ముళ్లపొదల్లోకి నడిచింది. ఆమె టార్చి వెలుతురు బండల మధ్య కాసేపు కదిలింది. తర్వాత ఆరిపోయింది.

ఐదు నిమిషాలు. పది. పావుగంట.

ఫోను మోగింది.

"ఏవండీ," అంది జయంతి. "ఇక్కడ ఎవరూ లేరు."

రాత్రంతా ఏడ్చి ఏడ్చి పూడుకుపోయిన గొంతు కాదది. చల్లగా ఉంది. తడి లేదు.

"నేను ఇటే ఉంటాను. తెల్లారేదాకా ఇటెవరినీ పంపకండి. మోటార్లు మాత్రం ఆపనివ్వకండి. చుక్క నీరు మిగలకూడదు."

పెట్టేసింది.

నరేందర్ ఇంకో టార్చి వెతికి అటు వేశాడు. గట్టు మీద ఇప్పుడు ఇద్దరు కూర్చుని ఉన్నారు. ఇద్దరూ కొంగులు తలమీదికి కప్పుకుని, ఇద్దరూ నీళ్లవైపే చూస్తూ.

జయంతిని కూడా తీసుకుంది అనుకున్నాడు.

అప్పుడు కూడా లేచి పోలేకపోయాడు. బిడ్డ పోయాడు, పెళ్లాం పోయింది, కాళ్లు మాత్రం కదల్లేదు. పదకొండేళ్ల కిందట ఆ తల్లి లారీలో ఎట్లా కూర్చుని ఉంటుందో, అతను తెల్లారేదాకా అట్లా కూర్చున్నాడు. తేడా ఒకటే — అతణ్ని ఎవరూ పట్టుకోలేదు.

*

తూర్పున టవర్ల అద్దాలు ఎర్రబడుతున్నప్పుడు మోటార్లు గాలి పీల్చడం మొదలుపెట్టాయి. గుంత అడుగు తేలింది. బురద, విరిగిన ఇనుప చువ్వలు, సిమెంటు బస్తాలు గడ్డకట్టిన ముద్దలు. చిన్ను లేడు. నరేందర్ రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. సంతోషమో భయమో తెలియడం లేదు.

"సార్..." ఎల్లేశం అతని భుజం తాకాడు. చూపు గుంతలో లేదు, గట్టు మీద ఉంది.

బండల మీదుగా ఇద్దరు ఆడవాళ్లు నడిచి వస్తున్నారు. ముందు జయంతి. ఆమె చంకలో చిన్ను — పాత చీరముక్క చుట్టుకుని, చేతిలో రొట్టెముక్క పట్టుకుని నములుతున్నాడు. వెనక వచ్చే మనిషి కొంగు భుజం మీదికి జారి ఉంది. నెరిసిన జుట్టు, కమిలిన ముఖం.

రాత్రి రొట్టెలు చేసిన ఆమె. చంద్రమ్మ.

నరేందర్ పరుగెత్తాడు. చేతులు చాచాడు. జయంతి ఒక అడుగు వెనక్కి వేసింది.

"ముందు గుంతలోకి దిగండి," అంది. "తర్వాత వీణ్ని ముట్టుకుందురు."

చంద్రమ్మ అతన్ని తేరిపార చూసింది.

"రాత్రి నీకు రెండు రొట్టెలు ఏసిన సారు. గుర్తువట్టలే. నేనైతే నువ్వు కారు దిగంగనే గుర్తువట్టిన."

హెడ్ కానిస్టేబుల్ ముందుకు వచ్చాడు. ఆమె ఆయనకే చెప్పింది, నెమ్మదిగా, ఎవరి సంగతో చెప్తున్నట్టు. ఊరికి పోయిన ఏడాదే మొగుడు మల్లయ్య తాగి తాగి పోయాడని. తను తిరిగొచ్చి, తాము కట్టిన టవర్లోనే నేల తుడిచే పనికి చేరిందని, శని ఆదివారాలు ఈ క్యాంపులో రొట్టెలు చేస్తోందని. గుంత తోడించమని పోలీసుల దగ్గరికి, కంపెనీకి, మున్సిపాలిటీకి తిరిగిందని. పిచ్చిదని వెళ్లగొట్టారు. రోజూ పొద్దుగూకినాక వచ్చి గట్టు మీద కూర్చుని పిలిచేది. ఆమెను చూసినవాళ్లే దెయ్యమన్నారు. ఆ పేరు ఉంటే గుంతను ఎవరూ పూడ్చరని ఆమె కూడా కాదనలేదు.

"పదకొండేండ్లు మొక్కిన, ఒక్క మోటారు రాలే," అంది. "ఈయన కొడుకు కనబడకుంటే గంటల నాలుగొచ్చినయి."

తర్వాత నరేందర్ వైపు తిరిగింది.

"నేను దాచిపెట్టలే సారు. నీ ఎదురుంగనే కూసున్న. మూడుసార్లు లైటు కొట్టినవ్. దగ్గరికొచ్చి అడిగితే ఇచ్చేద్దును. నువ్వు రాలే."

నరేందర్ బూట్లు విప్పి గుంతలోకి దిగాడు.

బురద మోకాళ్ల దాకా వచ్చింది. ఎక్కడ చూడాలో అతనికి తెలుసు. పాత మోటారు పైపు చివర, దిమ్మె కింద, రెండు బండల సందు. పైపుకు చెత్త పట్టకుండా కట్టిన ఇనుప జాలీ విరిగి ఆ సందులోకి ఒరిగి ఉంది. వేళ్లు పెట్టి ఎత్తాడు. జాలీ కింద ఇసుక... ఇసుకలో నల్లబడ్డ చిన్న వెండి కడియం. కడియం లోపల పుల్లల్లాంటి ఎముకలు.

మోటారు పక్కనే. ఆ ఒక్క రాత్రి తెల్లార్లూ తోడినా కనబడేంత దగ్గర్లో.

చొక్కా విప్పి బురదలో పరిచాడు. ఒక్కొక్కటే ఏరి పెట్టాడు. చిన్నవి దొరక్కుండా పోతాయేమోనని ఇసుకను పిడికిళ్లతో తీసి వేళ్ల మధ్య జల్లించాడు. పైనుంచి అందరూ చూస్తున్నారు. ఎంతసేపు పట్టిందో ఎవరూ చెప్పలేరు. పైకి వచ్చేసరికి ఎండ పడింది.

చంద్రమ్మ నేల మీద కూర్చుని కొంగు పరిచింది. అతను చొక్కా అందులో దించాడు. ఆమె ఏడవలేదు. కడియం తీసి కొంగుతో తుడిచి, అరచేతిలో పెట్టుకుని చూసింది.

హెడ్ కానిస్టేబుల్ పుస్తకం తెరిచాడు.

"అప్పుడు సైటుల పిల్ల ఉన్నదా, లేదా?"

"ఉన్నది," అన్నాడు నరేందర్.

"పేరు?"

నరేందర్ తల వంచుకున్నాడు. అతనికి తెలియదు. ఏనాడూ అడగలేదు.

"బుజ్జి," అంది చంద్రమ్మ. "మల్లయ్య బిడ్డ. రెండేండ్లు నిండలే."

హెడ్ కానిస్టేబుల్ రాసుకున్నాడు. నరేందర్‌ను బండి దగ్గర నిలబడమన్నాడు. జయంతి అతని వైపు చూడలేదు. చిన్ను మీద చుట్టిన చీరముక్క విప్పి, పొడి బట్టలు తొడుగుతోంది. వాడి నిక్కరు నడుము దాకా తడిసి, పాచి అంటి ఉంది. జయంతి దాన్ని చేత్తో పట్టుకుని అట్లాగే ఉండిపోయింది.

హెడ్ కానిస్టేబుల్ అది గమనించాడు. చంద్రమ్మ ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"ఒక్కటి చెప్పమ్మా. బాబు నీకు ఏడ దొరికిండు? నీళ్లల్ల పడ్డడా? నువ్వే తీసినవా?"

"నాకు ఈత రాదు సారు. రొట్టెల పొయ్యి ఆర్పి గట్టు మీద కూసున్న, రోజు లెక్కనే. పిలగాడు నీళ్లల్లకెల్లి నడుచుకుంట వచ్చిండు."

"ఒక్కడేనా?"

చంద్రమ్మ కొంగు అంచులు దగ్గరికి లాగి, మూటను ఒళ్లోకి తీసుకుంది.

"ఒక్కడే ఎట్లొస్తడు సారు... చెయ్యి వట్టుకోని తీస్కొచ్చింది. నా ఒళ్లె కూసోబెట్టి, మళ్ల నీళ్లల్లకే పోయింది," అంది. "గందుకే మోటార్లు ఆపనియ్యలే."